చప్పిడి మహాసభ

మా దేశాన్ని ఆక్రమించుకోవడం గురించి మాట్లాడుకోవడానికి మంచి గది ఒకటి కావాలని ఎగువరాజ్యమూ దిగువరాజ్యమూ కలిసి మాకే ఉత్తరం రాశాయి. ఆ ఉత్తరం అందినట్టు సంతకం పెట్టింది నేనే.

నా పేరు దాలినాయుడు. నడిమిసీమ విదేశాంగ శాఖలో, అతిథి మర్యాదల విభాగంలో గుమాస్తాని. మా ఇంట్లో బి.ఏ. దాకా వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. నాకు ముందు మా వంశంలో అందరివీ వేలిముద్రలే. అందుకని ఏ కాగితమైనా రెండుసార్లు చదివి గాని సంతకం పెట్టను. ఆ అలవాటు మంచిదో చెడ్డదో ఈ కథంతా చదివాక మీరే చెప్పాలి.

ఉత్తరంలో దేశం పేరు లేదు. "ఆవలి రాజ్యముతో సాగుచున్న మహాయుద్ధము దృష్ట్యా ఒకానొక తటస్థ దేశమును తాత్కాలికముగాను, స్నేహపూర్వకముగాను, సంపూర్ణముగాను ఆక్రమించు విషయమై మిత్రరాజ్యములు రెండును చర్చించుకొనవలసియున్నది. అందులకు తటస్థమైన వేదిక అవసరము" అని మాత్రమే ఉంది.

నేను గోడ మీది పటం దగ్గరికి వెళ్ళి చూశాను. యుద్ధం మొదలైనప్పుడు తటస్థ దేశాలు పదకొండు ఉండేవి. ఇప్పుడు మాదొక్కటే మిగిలింది.

ఆ సంగతి మా కార్యదర్శి భుజంగరావుగారికి విన్నవించాను. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఏ ప్రశ్నకూ అవుననిగాని కాదనిగాని అనలేదని ఆయనకు పేరు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మన పేరు రాశారా?"

"లేదండి."

"రాయనప్పుడు మనం ఊహించుకోవడం అమర్యాద. వాళ్ళు అడిగింది గది. గది ఉందా, లేదా?"

"ఉందండి."

"ఉంటే ఉందని రాయవయ్యా. ఎందుకూ అని అడిగామనుకో, మనకి ఒక అభిప్రాయం ఉందని తెలిసిపోతుంది. ఇంక తటస్థత ఏం మిగిలింది?"

వాళ్ళలో వాళ్ళు ఎవరి రాజధానిలోనో కలుసుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. ఎగువవారు కొండ దిగి వస్తే పిల్లనిస్తామని వచ్చినట్టు ఉంటుందట. దిగువవారు కొండ ఎక్కి వెళితే దండం పెట్టుకోవడానికి వెళ్ళినట్టు ఉంటుందట. మిత్రులుగా ఉన్న ఎనభై ఏళ్ళలో ఈ చిక్కు వల్ల వాళ్ళు ఒకరి ఇంటికి ఒకరు వెళ్ళనేలేదు. స్నేహం అందువల్లే నిలిచిందని భుజంగరావుగారి అభిప్రాయం. ఆ మాట కూడా ఆయన పైకి అనలేదు, తల ఊపారు.

ఆ ఆదివారం ఎర్రమెట్ట వెళ్ళాను. ఎర్రమెట్ట మా సొంతూరు, దేశానికి చిట్టచివర ఉంటుంది. అక్కడ మా అమ్మ ఎర్నమ్మకి అర ఎకరం కాకర పందిరి ఉంది. మాకున్నది అదే. నేను అక్షరాలు దిద్దింది ఆ పందిరి కిందే, నన్ను బి.ఏ. చదివించింది అమ్మ నెత్తి మీద సంతకి వెళ్ళిన కాకరకాయల గంప. కబురు ఆమె దాకా అప్పటికే వచ్చేసింది.

"ఎవులో మన దేశం మీదకొస్తన్నారట గదా. నువ్వు ఆపీసులో కూకొని ఏటి సేస్తన్నావు?" అంది.

"వాళ్ళకి గదులు సర్దుతున్నానమ్మా."

అమ్మ కాసేపు నా ముఖం చూసింది. "సర్దు. నీ ఉజ్జోగం అది. మన పందిట్లోకి మాత్తరం రానీకు. కాయ దిగే రోజులు."

సరేనన్నాను. ఆ మాట ఇవ్వడానికి నాకు అధికారం లేదు. రాతపూర్వకంగా అయితే ఇచ్చేవాణ్ణి కాదు.

*

మహాసభ మా అతిథి బంగళాలో మొదలైంది. ఎగువ రాయబారి త్రిపురాంతక వర్మగారు భారీ మనిషి. ఆయన నడుస్తుంటే ఛాతీ మీది పతకాలు వంటపాత్రల్లా మోగేవి. దిగువ రాయబారి కోదండపాణిగారు సన్నగా, పొడుగ్గా, ఒక్కొక్క మాటా తూచి వదిలేవారు. ఇద్దరికీ సమానంగా ఉండాలని రెండు ద్వారాలు, రెండు ఎత్తు కుర్చీలు, రెండు మరచెంబులు పెట్టించాను. మొదటి పూట భోజనానికి ఇద్దరూ ఒకేసారి కూర్చున్నారు. ఒకేసారి చేతులు వెనక్కి తీసేసుకున్నారు.

"ఇందులో ఉప్పు వేసితిరా?" అన్నారు వర్మగారు.

వేశామన్నాను. వంటమాస్టరు గవరయ్య ఉప్పు వెయ్యకుండా వండే మనిషి కాడు.

అప్పుడు తెలిసింది. ఆ రెండు రాజ్యాలకీ తాతముత్తాతల నాటి కట్టు ఒకటుంది. ఉప్పు పెట్టిన చేతి మీద గాని, ఆ చేతి కింది నేల మీద గాని ఆయుధం ఎత్తరాదు. రాజు దగ్గర్నుంచి బంటు దాకా అందరికీ అదే కట్టు. సైన్యంలో చేరేటప్పుడు ప్రమాణం చేయిస్తారు. మైత్రి ఒప్పందంలో అది పదిహేడో నిబంధన. మిగిలిన పదహారూ ఎప్పుడో ఒకప్పుడు తప్పారు గాని, ఇది మాత్రం ఇద్దరిలో ఎవరూ ఇంతవరకూ తప్పలేదట.

"మాది సంస్కారము గల రాజ్యము," అన్నారు వర్మగారు. "తమ ఉప్పు తిని, తమ దేశమును... అనగా, ఒకానొక దేశమును... ఆక్రమించుట మాకు తగదు."

అయితే ఎవరి ఉప్పు వారు తెప్పించుకోవచ్చు కదా అని మనవి చేశాను. అతిథిగా వచ్చి ఉప్పు వెంట తెచ్చుకోవడం ఆతిథ్యమిచ్చిన దేశాన్ని అవమానించడమట. ఆక్రమించడం వేరు, అవమానించడం వేరు అని కోదండపాణిగారు నాకు చాలా ఓపికగా వివరించారు.

భుజంగరావుగారు గంటసేపు ఆలోచించి దారి కనిపెట్టారు. మహాసభ జరిగినన్నాళ్ళూ చప్పిడి వంట. పూటపూటా వంటకాలన్నీ నేను రుచి చూసి, "ఈ పూట వంటలో ఉప్పు లేదని ధ్రువీకరించడమైనది" అని రాసి సంతకం పెట్టాలి. ఆ కాగితం చూసుకుని అతిథులు నిశ్చింతగా తిని, మా దేశాన్ని ఎలా పంచుకోవాలో మాట్లాడుకుంటారు. ఉప్పు లేకుండా చేసినది వంట కాదనీ, ఉడకబెట్టడమనీ గవరయ్య గోల పెట్టాడు. ఉద్యోగం మానేస్తానని మూడుసార్లు అన్నాడు. కోపం పట్టలేక మూడో రోజు చప్పిడి కాకరకాయ వండి పడేశాడు.

ఆ కూర ముద్ద నోట్లో పెట్టుకున్నాక రాయబారులిద్దరూ మొదటిసారి ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకున్నారు. సాయంత్రం సభలో, ఇక మీదట ఈ ప్రాంగణంలోకి కాకరకాయ రాకూడదని తీర్మానించారు. ఇరుపక్షాలూ ఏకగ్రీవంగా ఆమోదించిన తీర్మానం అదే మొదటిది. దానికి ఒకటో నెంబరు వేసి దస్త్రంలో పెట్టాను.

చర్చలు పట్టుగా సాగాయి. ముందు ఎవరు అడుగు పెట్టాలి అన్నదానికి పదకొండు రోజులు పట్టింది. ఇద్దరూ ఒకేసారి పెట్టాలని తేలింది. ఒకేసారి అంటే ఎవరి గడియారం ప్రకారం అన్నది మరో వారం. ఎగువవారి గంటకీ దిగువవారి గంటకీ అరగంట తేడా. చివరికి మా రాజధాని గడియార స్తంభాన్ని ప్రమాణంగా తీసుకున్నారు. అది ఏళ్ళ తరబడి ఎనిమిది నిమిషాలు వెనక నడుస్తోందని నేను మనవి చేశాను. అయినా అది తటస్థమైన తప్పు గనుక ఇద్దరికీ సమ్మతమేనన్నారు.

ఇరవై రెండో రోజు కోదండపాణిగారికి ఒక సందేహం వచ్చింది. అంతా ఆక్రమించుకున్నాక ఇద్దరి మధ్యా పేచీ వస్తే ఎక్కడ కలుసుకోవాలి? ప్రపంచంలో ఇంక తటస్థమైన గది ఉండదు కదా.

నేను మరచెంబులు నింపాను.

చివరికి ఈ బంగళాని, దానికి తప్పనిసరి అయినవాటిని కలిపి తటస్థ ప్రాంగణంగా ఆక్రమణ నుంచి మినహాయించాలని తీర్మానించారు. తప్పనిసరి ఏవేవో జాబితా రాసి, ఒక్కొక్కదానికీ కారణం చూపించి సంతకం చెయ్యమని నన్ను ఆదేశించారు.

నేను నిజంగా తప్పనిసరి అయినవే రాశాను. బంగళా, వంటిల్లు, నుయ్యి. పాలు అన్నారు, పాలు ఎక్కడివంటే చింతలవలస గేదెలవి. గేదెలు ఉండాలంటే గడ్డి ఉండాలి, గడ్డి వాగు ఒడ్డున ఉంది, వాగుకి నీళ్ళు కొండ మీంచి వస్తాయి. బియ్యం పండే పొలాలు, ఆ పొలాలు దున్నేవాళ్ళు, దున్నేవాళ్ళకి నాగళ్ళు చేసే కమ్మరి, కమ్మరికి బొగ్గులిచ్చే అడవి. గడియారానికి కీ ఇచ్చే ముసలాయన. ఆయనకి తోచక కీ ఇవ్వడం మరిచిపోతాడేమో గనుక ఆయనతో పులిజూదం ఆడే ముగ్గురు స్నేహితులు, వాళ్ళ మూడు ఊళ్ళు.

నేను రాసిన కొద్దీ రాయబారులు కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. ఎందుకంటే జాబితాలో చేరని ప్రతి ఊరూ అవతలివాడి వాటాలో పడుతుందేమోనని ఇద్దరికీ భయమే. వర్మగారు ఏదైనా ఊరు మీద కన్నేసినట్టు అనుమానం రాగానే కోదండపాణిగారు, "అది ప్రాంగణమునకు అవసరమేమో, ఒకసారి పరిశీలించుడు," అని నా వైపు చూసేవారు. నేను పరిశీలించేవాణ్ణి. ఎలాగో ఒకలాగ అవసరమయ్యేది.

ఇరవై తొమ్మిదో రోజు గాలికనుమ ప్రస్తావన వచ్చింది. ఆవలి రాజ్యం మీదికి దండు నడపడానికి అదొక్కటే దారి. ఆ కనుమ కోసమే ఈ ఆక్రమణ అంతా. అది నీది కాదంటే నీది కాదని రెండు రోజులు వాదించుకుని, నన్ను పిలిచారు. సభా మందిరం కిటికీల్లోకి వచ్చే గాలి ఆ కనుమలోంచే వస్తుందని నేను చెప్పాను. అది నిజం. వెంటనే చేర్చమన్నారు.

ముప్ఫై ఎనిమిదో రోజుకి జాబితా అరవై మూడు పేజీలైంది. పటం మీద ప్రాంగణం సరిహద్దు గీస్తే నడిమిసీమ సరిహద్దు మీదే పడింది. కుర్చీలోంచి లేవని భుజంగరావుగారు లేచి నిలబడి పటానికి నమస్కారం పెట్టారు.

నమస్కారం తొందరపడి పెట్టారు. ఎందుకంటే అదే రోజు రెండు రాజధానుల నుంచీ వార్తాహరులు వచ్చారు. అక్కడ విజయోత్సవాలకి తోరణాలు కట్టేశారట, పతకాలు పోత పోసేశారట, రాజులిద్దరూ ఆక్రమణ తేదీ ప్రకటించేశారట. ఎంతో కొంత ఆక్రమించక తప్పదు. జాబితాలో చేరనిది ఏదైనా మిగిలిందా?

మిగిలింది. ఒకటో తీర్మానం ప్రకారం ప్రాంగణంలోకి కాకరకాయ రాకూడదు. కాబట్టి కాకర తోట ప్రాంగణానికి అవసరమని నేను రాయలేకపోయాను. సర్వే నెంబరు నూట పద్ధెనిమిది, ఎర్రమెట్ట గ్రామం, అర ఎకరం, హక్కుదారు ఎర్నమ్మ.

భుజంగరావుగారు నన్ను పక్క గదిలోకి తీసుకెళ్ళారు. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఆయన స్పష్టంగా మాట్లాడారు. "వర్మగారికి చక్కెర జబ్బు ఉంది. కాకర రసం మందు. ఒక్క వాక్యం చాలు. రాయవయ్యా."

"ఆయన తాగుతారాండి?"

"తాగరు. అయితే ఏం?"

"తాగనిది అవసరమని ఎలా రాస్తానండి? పైగా అది మా అమ్మ పందిరి. సొంతవాళ్ళ ఆస్తి మీద ఉద్యోగి సిఫారసు చెయ్యకూడదని మన నియమావళిలోనే ఉంది."

"ఆ నియమావళి రాసింది నేనేనయ్యా," అన్నారాయన నీరసంగా.

అరవై మూడు పేజీల కింద సంతకం పెట్టాను. రెండుసార్లు చదివే పెట్టాను. రెండోసారి చదివేటప్పుడు అక్షరాలు సరిగ్గా కనిపించలేదు.

అమ్మతో చెప్పడానికి నేనే వెళ్ళాను. పందిరి కింద కాయలు కోస్తోంది. దేశమంతా ఆక్రమణ తప్పించుకుందనీ, మన అర ఎకరం మాత్రం తప్పించుకోలేదనీ చెప్పాను. ఎందుకు తప్పలేదో కూడా చెప్పాను.

అమ్మ గంప కింద పెట్టింది. "ఊరందరి గేదెలకీ కారణం రాసినావు. నాకు రాయడానికి నీకు సెయ్యి రాలేదు."

"అబద్ధం అవుతుందమ్మా."

"అబద్దమాడమని నాను నిన్ను సదివించలేదులే," అంది. గంప మళ్ళీ ఎత్తుకుంటూ, "నిజిమాడమనీ సదివించలేదు. నాలుగు మెతుకులు సుకంగా తింతావని సదివించినాను. ఎల్లు, నీకు పొద్దుపోతాది."

*

గడియార స్తంభం ఆరు కొట్టగానే ఆక్రమణ జరిగింది. ఎగువవారు పన్నెండు మంది, దిగువవారు పన్నెండు మంది. అర ఎకరంలో తీగ తొక్కకుండా అంతకంటే పట్టరు. తీగ తొక్కితే కొలతలో తేడా వస్తుందని కోదండపాణిగారు ఒప్పందంలో రాయించారు. పందిరికి చెరోవైపు జెండా కట్టారు. సంపూర్ణ విజయం అని రెండు రాజధానుల్లోనూ బాణాసంచా కాల్చారని తర్వాత తెలిసింది.

నేను కంచె బయట నిలబడ్డాను. కంచె ఇవతల తటస్థ ప్రాంగణం, అవతల ఆక్రమిత ప్రాంతం. నా అధికారం కంచె దగ్గర ఆగిపోయింది. ఆ పందిరిలోకి వెళ్ళడానికి ఉన్నది ఒకటే తడక తలుపు. సైనికులకి తిండి తెచ్చిన రెండు దేశాల బళ్ళూ ఆ తడక ముందు ఎదురెదురుగా ఆగాయి. ముందు ఏ బండి లోపలికి వెళ్ళాలి అన్నది ఒప్పందంలో లేదు. దాని మీద చర్చలకి రాయబారులు బంగళాకి తిరిగి వెళ్ళారు. ఎడ్లు నెమరు వేస్తూ నిలబడ్డాయి. ఒక రోజు గడిచింది. రెండో రోజు మధ్యాహ్నానికి సైనికులు పందిరి గుంజలకి ఆనుకుని కూలబడ్డారు.

మా అమ్మ గుడిసె ఆక్రమిత ప్రాంతంలోనే ఉంది. అందులోంచి పొయ్యి పొగ లేచింది. కాసేపటికి కాకరకాయ వేపుడు వాసన కంచె దాటి ప్రాంగణంలోకి వచ్చింది. ఒకటో తీర్మానం కాయ గురించే చెప్పింది, వాసన గురించి ఏమీ చెప్పలేదు గనుక నేను అభ్యంతరం పెట్టలేదు. అమ్మ ఇరవై నాలుగు విస్తళ్ళు వేసింది. "తల్లులు కన్న పిల్లలు కాదేటి," అని వడ్డించింది. చప్పిడి అని ధ్రువీకరించడానికి అక్కడ ఎవరూ లేరు. ఎవరూ అడగనూ లేదు.

అరగంటలో విషయం బంగళాకి చేరింది. ఇంకో అరగంటలో రాయబారులిద్దరూ, వెనక భుజంగరావుగారూ ఒగరుస్తూ వచ్చారు. అప్పటికి సైనికుల్లో కొందరు వాలిపోయిన గుంజలు సరిచేస్తున్నారు. మిగిలినవాళ్ళు కాయలు కోసి గంపల్లో వేస్తున్నారు. బల్లేలు కట్టకట్టి కళ్ళం మూల పడేశారు. వాళ్ళ నాయకుణ్ణి అడిగితే, పదిహేడో నిబంధన ప్రకారం ఇక ఇంతే కదండి అన్నాడట.

"ఉప్పు తిన్నచో ఆక్రమణ చెల్లదు," అన్నారు వర్మగారు. పతకాలు మోగలేదు. "తోరణములు కట్టియున్నారు."

"ఉప్పు ఉన్నట్లు రుజువేమి?" అన్నారు కోదండపాణిగారు. ఇద్దరూ నా వైపు తిరిగారు. వంటలో ఉప్పు లేదని ధ్రువీకరించడానికి ఇరుపక్షాలూ ఆమోదించిన అధికారిని ప్రపంచంలో నేనొక్కణ్ణే.

భుజంగరావుగారు తెల్లకాగితం, కలం చేతికిచ్చి, చూపు పక్కకి తిప్పుకున్నారు. "ఎనభై రెండు ధ్రువపత్రాలు రాశావు కదయ్యా. ఎనభై మూడోది."

"ఆ ఎనభై రెండూ రుచి చూసి రాశానండి."

లోపలికి వెళ్ళడానికి నాకు అనుమతి కావాలి. నేల ఇద్దరిదీ గనుక ఎగువవారు కుడికాలికి, దిగువవారు ఎడమకాలికి ఇచ్చారు. పుట్టి పెరిగిన పందిరి కిందికి రెండు అనుమతి పత్రాలతో వెళ్ళి పీట మీద కూర్చున్నాను. అమ్మ విస్తరి వేసింది, అన్నం పెట్టింది, పక్కన వేపుడు పెట్టింది. నలభై ఒక్క రోజులుగా చప్పిడి తిన్న నోరు. మొదటి ముద్దకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఉప్పు సరిపోయిందేటి?" అంది అమ్మ.

కంచె దగ్గర రెండు రాజ్యాలు ముందుకి వంగాయి. రెండుసార్లు చదవనిదే నేను సంతకం పెట్టనని ముందే చెప్పాను. మారు వడ్డించమన్నాను. అది కూడా తిని, చెయ్యి కడుక్కుని, కాగితం తీసి రాశాను.

"ఈ పూట వంటలో ఉప్పు సరిపోయినదని ధ్రువీకరించడమైనది."

రాసింది అందరికీ వినబడేలా చదివాను. అమ్మకి చదువు రాదు గనుక ఆమె కోసం ఇంకోసారి చదివాను. వర్మగారు గుటక మింగారు.

"ఇంతటి విషయమున ఒక్క గుమాస్తా నోటిని నమ్ముట రాజ్యమునకు క్షేమము కాదు," అన్నారు. "ధ్రువీకరణను ధ్రువీకరించవలసియున్నది. మేమే స్వయముగా."

"మిత్రుని ఒంటరిగా పంపుట మర్యాద కాదు," అన్నారు కోదండపాణిగారు. చెప్పులు అప్పటికే విడిచేశారు.

తడక దగ్గర ముందు ఎవరు అన్న ప్రశ్న రాలేదు. ఇద్దరూ పక్కకి తిరిగి ఒకేసారి దూరారు.

అమ్మ వాళ్ళని పైనుంచి కిందికి చూసింది. "ఆ కత్తులు గట్టు మీద ఎట్టీసి, కాళ్ళు కడుక్కొని రండి. ఇస్తళ్ళు రెండే ఉన్నాయి, సర్దుకొని కూకోండి."

ఒకటో తీర్మానం ఆ పూట వీగిపోయినట్టు దస్త్రంలో రాసుకున్నాను. వర్మగారు మూడుసార్లు వడ్డించుకున్నారు.